సగం నల్లబడ్డ స్ట్రిప్

విశ్వాసుల నడుమ నిజం చెప్పిన మనిషి ఒంటరి కాదని ఒక నమ్మకం ఉంది. ప్రసంగాలలో వినబడుతుంది, గోడలకు వేలాడే క్యాలెండర్ల మీద కనబడుతుంది, కష్టంలో ఉన్నవారి భుజం తట్టడానికి పనికివస్తుంది. నమ్మకాలకు ఒక సౌకర్యం ఉంది: మామూలుగా వాటిని ఎవరూ పరీక్షకు పెట్టరు. ఈ నమ్మకానికి ఆ సౌకర్యం ఒక శనివారం మధ్యాహ్నం తప్పిపోయింది.

ఆ సమయానికి ఆ ఇంటి కోడలు హాలు మధ్యలో నిలబడి, తన పరిశుద్ధ గ్రంథాన్ని తలకిందులుగా పట్టుకుని దులుపుతోంది.

ఎండిన పువ్వొకటి రాలింది. పాత మందుల చీటీ రాలింది. ఎప్పుడో ప్రసంగం వింటూ రాసుకున్న చిన్న కాగితాలు నాలుగు రాలాయి. స్ట్రిప్ రాలలేదు.

"సరిగ్గా ఇక్కడే పెట్టాను," అంది. "మధ్య పేజీల్లో. నిన్న పొద్దున ప్రార్థన చేసుకున్నప్పుడు ఉంది."

ఆ స్ట్రిప్ వేలెడు పొడవున్న కాగితం. ఆమె ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ సామాను శుద్ధి చేసే గదికి బాధ్యురాలు. పదిహేడేళ్లుగా ఆటోక్లేవ్‌లనే ఆవిరి యంత్రాల పక్కనే గడిపినందుకు డాక్టర్ల నుంచి వార్డుబాయ్‌ల దాకా అందరూ ఆమెను ఆవిరమ్మ అంటారు. కత్తులూ కత్తెరలూ మూటకట్టి, ప్రతి మూట నడుమ ఒక స్ట్రిప్ పెట్టి, ఆటోక్లేవ్‌లోకి ఎక్కిస్తారు. ఆవిరి కావలసినంత వేడితో, కావలసినంతసేపు లోపలికి చేరితే స్ట్రిప్ మీది గీత పూర్తిగా నల్లబడుతుంది. సగం నల్లబడితే సామాను సగం శుద్ధి అయిందని అర్థం చేసుకోకూడదు. శుద్ధి కాలేదనే అర్థం.

నెల కిందట ఒక ఉదయం ఆమె చేతికి సగం నల్లబడ్డ స్ట్రిప్ వచ్చింది. మూటలు కుక్కి ఎక్కించారు. లోడంతా మళ్లీ వేయాలని, గంటన్నర పడుతుందని చెప్పింది. ఆ రోజు వరసగా తొమ్మిది ఆపరేషన్లు ఉన్నాయి. ఆసుపత్రి పరిపాలనాధికారి రిజిస్టరు ఆమె ముందుకు తోసి, అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టమన్నాడు. ఆమె పెట్టలేదు. ఇంకొకరి చేత పెట్టించాడు. తొమ్మిదిమందిలో నలుగురికి కుట్లు చీము పట్టాయి.

ఆమె ఆసుపత్రులను తనిఖీ చేసే కార్యాలయానికి ఫిర్యాదు రాసింది. ఫొటో జతచేస్తే వాళ్లు ఒప్పుకోలేదు. ఫొటోలో రంగును ఎవరైనా మార్చవచ్చు. తేదీ, లోడు నంబరు, ఆమె పొట్టి సంతకం ఉన్న అసలు స్ట్రిప్ సోమవారం పదింటికి తెచ్చి ఇవ్వమన్నారు.

ఆ పరిపాలనాధికారి ఆమె వెళ్లే సంఘంలో పెద్ద. ఆదివారం రొట్టె పళ్లెం అందించే చెయ్యీ, రిజిస్టరు ముందుకు తోసిన చెయ్యీ ఒకటే.

"ఆ గ్రంథాన్ని చూస్తే ఒళ్లు మండేది ఈ ఇంట్లో ఒక్కరికే," అంది అత్తగారు, బీన్స్ ఈనెలు తీస్తూ, ఎవరి వైపూ చూడకుండా.

ఆ ఒక్కరు కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉన్నాడు. ముప్పై రెండేళ్లు హైస్కూలులో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయిన మామగారు. భార్య పెళ్లయిన నాటి నుంచి ప్రార్థిస్తున్న పాపుల జాబితాలో మొదటి పేరు తనదేనని ఆయన కొంత గర్వంగానే చెప్పుకుంటాడు.

"నమ్మను కాబట్టే ముట్టుకోను," అన్నాడు. "నమ్మేవాళ్లను అడుగు."

ఎక్కడ పెట్టావో సరిగా గుర్తు తెచ్చుకోమన్నాడు భర్త. అతను గది మూలన నేల మీద కూర్చుని, మర్నాటి ఆరాధనకు తీసుకువెళ్లవలసిన మైకు వైర్లు చుడుతున్నాడు. వారమంతా కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పే మనిషి, ఆదివారాలు సంఘంలో సౌండ్ మిక్సర్ దగ్గర నిలబడతాడు. అక్కడ ఒక కుర్చీ వేసి ఉంటుంది. ఎనిమిదేళ్లలో అతను ఆ కుర్చీలో కూర్చోగా ఎవరూ చూడలేదు. కూర్చుంటే శబ్దం సరిగా వినబడదంటాడు.

బల్ల సొరుగు చూడమన్నాడు. హ్యాండ్‌బ్యాగు చూడమన్నాడు. చెత్తబుట్ట కూడా చూడమన్నాడు.

మామగారు పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఒరేయ్, ఆ వైరు ఇప్పటికి మూడుసార్లు చుట్టావు, మూడుసార్లు విప్పావు. దానికేమైనా జబ్బా?"

కొడుకు చేతులు ఆగాయి.

అత్తగారి చేతిలో ఒక బీన్సు ఈనె సగం దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది.

"ఇచ్చేశాను," అన్నాడు.

"ఎవరికి?" అంది కోడలు. జవాబు ఆమెకు తెలుసు. అతని నోట వినాలని అడిగింది.

"పెద్దాయనకి. నిన్న సాయంత్రం. నీ మంచికే."

ఆమె గ్రంథాన్ని మూసి, రాలిన కాగితాలను ఒక్కొక్కటిగా ఏరి, బల్ల మీద పెట్టింది. ఆమె అరిచి ఉంటే అతనికి సులువయ్యేది. అరవకపోవడం వల్ల అతనే మాట్లాడవలసి వచ్చింది. మాట్లాడాడు. ఈ కాలంలో ఒక సంతకం కోసం ఎవరైనా ఉద్యోగం పోగొట్టుకుంటారా అన్నాడు. అన్ని ఆసుపత్రుల్లో జరిగేదే ఇక్కడా జరిగిందన్నాడు. తన విద్యార్థులు పరీక్షల్లో కాపీ కొడతారు, తోటి మాస్టర్లు హాజరు పట్టీలు ఇంట్లో కూర్చుని నింపుతారు, లోకం తిరుగుతూనే ఉంది అన్నాడు. పెద్దాయన ఎంత గౌరవంగా అడిగాడో చెప్పాడు. విశ్వాసం విశ్వాసమే, కానీ మనిషి కాస్త ప్రాక్టికల్‌గా ఉండాలి అన్నాడు.

"సంతకమంటే ఏమిటండీ?" అంది ఆమె. "నేను చూశాను అని చెప్పడం. నేను చూసింది వేరు."

"సరే. సోమవారం స్ట్రిప్ ఏదని అడిగితే పోయిందని చెప్పు. పోయింది కదా. అబద్ధం కూడా కాదు."

"పోలేదు. మీరు తీశారు. ఆయనకిచ్చారు. అడిగితే అదే చెప్తాను."

"నా పేరు చెప్తావా?"

"అడిగితే చెప్తాను."

"కట్టుకున్నవాణ్ణి పట్టిస్తావన్నమాట."

"ఆ నలుగురినీ ఎవరో ఒకరు కట్టుకునే ఉంటారు," అంది ఆమె. "రోజూ పుండు మీది గాజుగుడ్డ మారుస్తూ ఉంటారు."

అతను తల్లి వైపు చూశాడు. తల్లి, ఇంటి పరువు వీధిలో పడితే ఎవరికి లాభమని సన్నగా అంది. ఆ మాట కొడుకు పక్షమో కోడలి పక్షమో ఆమెకే తేలినట్టు లేదు.

లేచింది మామగారు. ఆయన కోపం ఎప్పుడూ మెల్లగా, వ్యాకరణం చెడకుండా వస్తుంది.

"నేను దొంగతనాలు చూశాను. ప్రయోగశాలలో గాజు కుప్పెలు ఎత్తుకుపోయిన పిల్లల్ని చూశాను. వాళ్లు బీరువా పగలగొట్టారు, ధైర్యం చేశారు. నువ్వు చెయ్యి పెట్టిన చోటు చూసుకున్నావా? ఆ పుస్తకం మీద నాకు నమ్మకం లేదు. కానీ ఒక మనిషి తన నిజాన్ని దాచుకున్న చోట చెయ్యి పెట్టడానికి నాకే మనసొప్పదు. నువ్వు రోజూ కళ్లు మూసుకుని దాని ముందే కూర్చుంటావు కదరా."

కొడుకు వైర్ల సంచీ భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఒక వైరు కొస సంచీలోంచి వేలాడుతూ గడప దాకా ఈడ్చుకుపోయింది.

*

సాయంత్రం ఐదింటికి పెద్దాయన వచ్చాడు. వెంట పాస్టరుగారు వచ్చారు. పెద్దాయన మాట మెత్తన, నడక మెత్తన. ఆసుపత్రి వరండాలో ఆయన వస్తున్నట్టు ఆయన వచ్చేశాక గాని తెలియదంటారు. అత్తగారి మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. టీ బాగుందన్నాడు. తరువాత జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

ఫిర్యాదు వాపసు తీసుకుంటే జరిగిందంతా మరిచిపోదామన్నాడు. తీసుకోకపోతే, ఎంత బాధయినా, రేపు రొట్టె పంచే ప్రభువు బల్లకు ముందు సంఘం ఎదుట ఒక తీర్మానం పెట్టక తప్పదన్నాడు. కాగితం చదివి వినిపించాడు: సహోదరుని మీద బయటి అధికారుల దగ్గర ఫిర్యాదు చేసి సంఘ సాక్ష్యానికి మచ్చ తెచ్చినందున, ఆ ఫిర్యాదు వాపసు తీసుకునేవరకు ఈ సహోదరిని ప్రభువు బల్లకు దూరంగా ఉంచవలెను.

ఆ కాగితంలో స్ట్రిప్ మాట లేదు. నలుగురు రోగుల మాట లేదు.

"ఆ నలుగురూ ఎవరు?" అన్నాడు మామగారు. "విశ్వాసులా, బయటివాళ్లా?"

"మాస్టారూ, ఇది సంఘ విషయం."

"కావచ్చు. చీము పట్టించే క్రిమి సభ్యత్వం అడిగి లోపలికి వెళ్లదు కదా, అందుకని అడిగాను."

పెద్దాయన నవ్వాడు. అలాంటి మాటలకు నవ్వడం ఆయనకు అలవాటు. కాలం మారిందన్నాడు. ఒకప్పుడు సంఘం అంటే చాపలు, లాంతర్లు. ఇప్పుడు తెరలు, ప్రసారాలు, వేలమంది చూస్తున్నారు. పేరు పాడైతే తుడుచుకోవడానికి కాలం ఆగదు. ఆసుపత్రి మీద మచ్చపడితే అందులో పనిచేసే ముప్పై విశ్వాస కుటుంబాల గతి ఏమిటి, ప్రభువు పని గతి ఏమిటి అని అడిగాడు. ఆ ముప్పై కుటుంబాల దుఃఖం నిజంగానే ఆయన ముఖంలో కనబడింది. నలుగురి దుఃఖం కనబడలేదు.

కోడలు పాస్టరుగారి వైపు తిరిగింది. "అయ్యగారూ, ప్రభువు పని నా దొంగ సంతకం మీద నిలబడి ఉందా?"

పాస్టరుగారు టీ కప్పులోకి చూశారు. మంచి మనిషి. ఆమె పురుటి కష్టంలో ఉన్నప్పుడు రెండు రోజులు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న మనిషి. దక్కని ఆ బిడ్డను సమాధి దాకా తన చేతుల మీద మోసుకెళ్లిన మనిషి. ఆయనా ఆ సంగతి మరచిపోలేదని ఆయన కప్పు పట్టుకున్న తీరే చెబుతోంది. అయినా ఆయన అన్నది ఒకటే.

"ప్రార్థించుదాం, అమ్మా."

"నా స్ట్రిప్ ఆయన దగ్గర ఉంది, అయ్యగారూ. ముందు అది ఇవ్వమనండి. తరువాత ప్రార్థించుదాం."

స్ట్రిప్ ఏదో తనకు తెలియదన్నాడు పెద్దాయన. అంటూనే ముందుకు వంగి, అత్తగారి చేయి పట్టుకున్నాడు. "అక్కయ్యా, మీరయినా చెప్పండి. వచ్చే నెల మీ మోకాళ్ల ఆపరేషన్ మన దగ్గరే. నేను దగ్గరుండి చేయిస్తాను."

అత్తగారు ఆ చేతిని కాసేపు చూసింది.

"ఏ సామానుతో, తమ్ముడూ?" అంది.

పాస్టరుగారు లేచి, కళ్లు మూసుకుని, ఆ ఇంటి శాంతి సమాధానాల కోసం ప్రార్థించారు. సంఘమంతటిలో అత్తగారి ఆమేన్‌కు పేరుంది. వెనక వరుసలో కునికేవాళ్లు దానికే లేస్తారు. ఆ సాయంత్రం ప్రార్థన ముగిసినప్పుడు పెద్దాయన ఆమేన్ ఒక్కటే వినబడింది.

*

వాళ్లు వెళ్లాక మామగారు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు కప్పులు కడుగుతోంది.

"ఇక ఆ గుమ్మం తొక్కకు, అమ్మాయ్."

"రేపు ఆదివారం కదా, మామయ్యా."

"అందుకే ఈరోజు చెప్తున్నాను." ఆయన గొంతులో కోపం ఇంకా దిగలేదు. నలభై ఏళ్లుగా తాను చెబుతున్నది ఇదేనన్నాడు. వాళ్లకు కావలసింది సత్యం కాదు, సర్దుబాటు. సర్దుబాటుకు ఒక దేవుడు దేనికి, ఒక గుమాస్తా చాలడా అన్నాడు. తనలాంటి నాస్తికుడు కూడా చేయడానికి సిగ్గుపడే పని చేసి, మొగుడు పాటలకు మైకు సరిచేస్తాడు, సంఘపెద్ద రొట్టె విరుస్తాడు. ఇంత చూశాక కూడా అక్కడ ఏముందని వెళ్లడం?

ఆమె చివరి కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"మూట మధ్యకి ఆవిరి చేరలేదనుకోండి. ఆవిరే లేదంటారా మీరు? కుక్కి ఎక్కించారు అంటారు."

"అది ఉపమానం. రుజువు కాదు."

"రుజువు నేనడగలేదు, మామయ్యా. మీరే అడుగుతున్నారు." తుడుచుకున్న గుడ్డ కొక్కేనికి తగిలించింది. "ఆ అబద్ధం మీద సంతకం పెట్టకుండా నా చెయ్యి ఆపింది అక్కడ నేర్చుకున్నదే. నేర్పినవాళ్లు మరిచిపోయారని నేను కూడా మరిచిపోవాలా?"

దానికి ఆయన దగ్గర మూడు జవాబులు ఉన్నాయి. మూడూ తర్కానికి నిలిచేవే. ఒక్కటీ చెప్పలేదు.

"ఎన్నింటికి మొదలవుతుంది?" అన్నాడు చివరికి.

"తొమ్మిదిన్నరకి."

"నాకు ఇస్త్రీ చొక్కా ఉందా?"

*

ఆరాధన హాలులో ఈ మధ్య పెద్ద తెరలు రెండు పెట్టారు. పాటల చరణాలు వాటి మీద వస్తాయి. చరణాల కింద, కుడిమూల, ఆసుపత్రి గుర్తు వస్తుంది. కోడలు మూడో వరుసలో, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. ఒక పక్క అత్తగారు, మరో పక్క మామగారు. కొడుకు పెళ్లి తరువాత ఆయన ఆ హాలులో అడుగుపెట్టడం మళ్లీ ఇదే. ఆయనను చూసి, తమ ప్రార్థనలు ఫలించాయనుకుని ఇద్దరు ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. వాళ్ల వెనక వరుస మాత్రం, ఎందుకోగాని, ఖాళీగా మిగిలింది.

తీర్మానం చదివింది పెద్దాయనే. తన మీది ఫిర్యాదుకు శిక్ష తానే చదువుతున్నానన్న ఇబ్బంది ఆయన గొంతులో వినబడలేదు. మిక్సర్ బాగా పనిచేస్తోంది. ఒక్క అక్షరం కూడా చెదరలేదు.

ఆ సంఘానికి ఒక పద్ధతి ఉంది. ఒప్పుకునేవారు కూర్చునే ఉంటారు. తీర్మానం ఎవరి మీదో వాళ్లు తప్ప, అభ్యంతరం ఉన్నవారు లేచి నిలబడాలి. కార్యదర్శి వరుసల మధ్య నడుస్తూ లెక్కపెడతాడు. ఊరుకున్నవాళ్లందరూ ఒప్పుకున్నవాళ్ల లెక్కలోకి వచ్చే పద్ధతి అది. ఎవరు పెట్టారో గాని ఆలోచించి పెట్టారు.

"అభ్యంతరం ఉన్నవారు నిలబడవచ్చు," అన్నాడు పెద్దాయన. రెండు శ్వాసలు ఆగాడు. "ఎవరూ లేరు గనక..."

"ఉన్నాను," అంది అత్తగారు. "మోకాళ్లు, తమ్ముడూ. కాస్త ఆగు."

హాలంతా ఆగింది. ఆమె ముందు కుర్చీ వీపు పట్టుకుని, ఒక కాలు సరిచేసుకుని, రెండోది సరిచేసుకుని, కోడలి భుజం మీద చేయి వేసి లేచింది. అంతసేపూ ఎవరూ దగ్గలేదు. లేచాక, అదేదో రోజూ చేసే పనయినట్టు, పైట సర్దుకుంది.

మామగారు కూడా లేచాడు.

కార్యదర్శి వంగి మెల్లగా చెప్పాడు. "మాస్టారూ, మీరు సభ్యులు కారు."

"తెలుసు. లెక్కలో వేయకండి. నిలబడనివ్వండి."

కార్యదర్శి ముందుకు నడిచాడు. ఆసుపత్రిలో పనిచేసే కుటుంబాలు తమ చేతుల్లోని పాటల పుస్తకాలు చూసుకుంటున్నాయి. చీము పట్టిన కుట్లను స్వయంగా కడిగిన నర్సు ఒకామె ఐదో వరుసలో ఉంది. కోడలు తల తిప్పి ఆమెను చూడలేదు. ఆ నర్సు కోడలి జడనే చూస్తూ కూర్చుంది.

పాస్టరుగారు బల్ల వెనక కుర్చీలో, కళ్లు మూసుకుని ఉన్నారు.

కార్యదర్శి హాలు చివరికి వచ్చి ఆగిపోయాడు. మిక్సర్ దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. ఆరాధన మొదలైనప్పటి నుంచీ నిలబడే ఉన్నాడు. ప్రతి ఆదివారం నిలబడే ఉంటాడు. కార్యదర్శి చేతిలోని పెన్ను కాగితం మీద ఆగింది. అతనికి ఏం చేయాలో తోచలేదు. ఇలాంటి సందేహం ఇంతవరకు ఆ సంఘంలో ఎవరికీ రాలేదు.

"తమ్ముడూ," అన్నాడు, "నువ్వు నిలబడ్డట్టా?"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. కోడలు కూడా తిరిగింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె ముఖంలో అతను ఎన్నో చూశాడు. అడగడం చూడలేదు. ఇప్పుడు అడుగుతోంది.

అతని చేయి మిక్సర్ మీటల మీదే ఉంది. పెదవులు కదిలాయి. అత్తగారి వేళ్లు కోడలి భుజంలో దిగబడ్డాయి.

భర్త కాలితో కుర్చీని దగ్గరికి లాక్కుని, కూర్చున్నాడు.

రొట్టె పళ్లెం మూడో వరుసకు వచ్చింది. కోడలు దాన్ని రెండు చేతులతో అందుకుని, తీసుకోకుండా, అత్తగారికి ఇచ్చింది. అత్తగారూ తీసుకోకుండా పక్కవారికి అందించింది. చివరి పాటకు కోడలు లేచి, తెర వైపు చూడకుండా, మూడు చరణాలూ పాడింది.

బయట భర్త వైర్ల సంచీ పట్టుకుని ఆమె పక్కకు వచ్చాడు. రేపు పదింటికి ఏం చెప్తావని అడిగాడు.

"నిన్న చెప్పిందే," అంది.

ఆ రోజు సంఘ పుస్తకంలో కార్యదర్శి ఇలా రాశాడు: హాజరు రెండువందల పదకొండు. అభ్యంతరం తెలిపిన సభ్యులు ఒకరు. తీర్మానం ఆమోదించబడినది.